తోముకున్నావా అని అడిగితే చాలదు

బిడ్డకు మొదటి పన్ను వచ్చే రోజుల్లో ఇంటిల్లిపాదీ కాపు కాస్తారు. కింద వస్తుందా, పైన వస్తుందా? పై పన్ను ముందు వస్తే మేనమామకు కీడని మనవాళ్ల నమ్మకం. అందుకని అమ్మమ్మ చిగురు మీద వేలు పెట్టి తడిమి చూస్తుంది. నాయనమ్మ వెలుతురులోకి తీసుకెళ్లి పెదవి ఎత్తి చూస్తుంది. మేనమామ ఫోను చేసి మరీ కనుక్కుంటాడు. కిందే వచ్చిందని తేలాక అందరూ స్థిమితపడతారు. ఆ తర్వాత ఆ నోట్లోకి మళ్లీ ఎవరైనా తొంగి చూసేది ఎప్పుడంటే, పిల్లకు బుగ్గ వాచి ఇల్లంతా జాగారం చేసిన మర్నాడు. ఈ మధ్యలో నాలుగైదేళ్లు గడిచిపోయి ఉంటాయి. మేనమామ క్షేమం కోసం చూపిన శ్రద్ధలో పావు వంతు ఆ పళ్ల మీద చూపి ఉంటే ఆ జాగారం తప్పేది.

నేను ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతాను. వైద్యం నా వృత్తి కాదు. అయితే ఐదు నుంచి పదేళ్ల పిల్లల నోళ్లను రోజంతా ఎదురుగా చూసే ఉద్యోగం ఇది. ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు, నవ్వేటప్పుడు, ఆవలించేటప్పుడు, అన్నం తినేటప్పుడు అన్నీ కనిపిస్తాయి. ముందు పళ్లు అరిగి గోధుమరంగు మొదళ్లు మాత్రమే మిగిలినవాళ్లు, ఒక పక్కనే నమిలేవాళ్లు, చల్లని నీళ్లు తాగగానే బుగ్గ పట్టుకునేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. 2002-03లో దేశవ్యాప్తంగా జరిగిన నోటి ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో సగానికి పైగా పుచ్చు పళ్లు ఉన్నట్టు తేలింది. తరగతి గదిలో నిలబడి చూసేవాళ్లకు ఆ లెక్క ఆశ్చర్యం కలిగించదు.

దీనికి సాధారణంగా చెప్పే కారణం తల్లిదండ్రులకు అవగాహన లేకపోవడం. నాకు ఆ మాట సగమే నిజం అనిపిస్తుంది. రెండు పూటలా తోముకోవాలని, తీపి ఎక్కువైతే పళ్లు పుచ్చిపోతాయని తెలియని ఇల్లు ఇప్పుడు ఎక్కడుంది? టీవీలో ప్రకటనలు ఆ సంగతి రోజుకు పదిసార్లు చెబుతున్నాయి. చిక్కల్లా ఎక్కడంటే, పిల్లల నోటి సంగతి పిల్లలదే అని మనం ఎప్పుడో వదిలేశాం. పొద్దున్నే వంటింట్లోంచి ఒక కేక: "తోముకున్నావా?" స్నానాల గదిలోంచి ఒక జవాబు: "ఊఁ!" అక్కడితో ఆ రోజుకు దంత సంరక్షణ ముగిసింది.

నాలుగో తరగతి పిల్లకు కూడా తల్లే తల దువ్వి జడ వేసి పంపిస్తుంది. ఒకటో తరగతి పిల్లాడి బూట్ల లేసులు తండ్రి వంగి కడతాడు. అన్నం ఇంకా కలిపి పెట్టేవాళ్లు ఉన్నారు. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేని ఆ చేతికే మూడో ఏట బ్రష్షు ఇచ్చి, దవడల వెనక మూలల దాకా అన్ని పళ్లనూ లోపలా బయటా శుభ్రం చేసుకోమంటాం. పిల్లలు ఏం చేస్తారో గమనించండి. ముందు పళ్ల మీద నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించి, పేస్టు తియ్యగా ఉంటే కాస్త చప్పరించి, నీళ్లు పోసుకుని వచ్చేస్తారు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే తోమాలని, కనీసం పిల్లలు తోముకున్నాక ఇంకోసారి తామే తోమాలని పిల్లల దంతవైద్యులు చెప్పేది అందుకే. ఆ వయసుకు ముందు చేతివేళ్లకు ఆ నేర్పు రాదు. ఇందులో బద్ధకం ప్రసక్తే లేదు.

ఇక మన ఇళ్లలో వినిపించే అతి ఖరీదైన మాట ఒకటుంది. "పాలపళ్లే కదా!"

ప్రభుత్వ బడులకు ఏడాదికి ఒకసారైనా వైద్య బృందం వస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో ముప్ఫై రకాల లోపాలను, జబ్బులను వెతుకుతారు. వాటిలో పళ్ల జబ్బులూ ఉన్నాయి. అలా వచ్చినప్పుడు వరండాలో బల్ల వేసి పిల్లలను వరుసగా నిలబెట్టాం. మూడో తరగతి పిల్ల ఒకతె నోరు తెరిచింది. డాక్టరమ్మ టార్చి వేసి, నన్ను కూడా దగ్గరికి పిలిచి చూపించారు. కింది దవడ ఎడమ పక్కన రెండు పళ్లు, ఒకదాని వెనక ఒకటి. ముందున్న దానికి పెసరగింజ పట్టేంత గుంట, అందులో పొద్దున తిన్న ఇడ్లీ ముక్క. వెనక దాని నడినెత్తిన సన్నని నల్లటి గీత. చీటీ రాసి ఇచ్చారు. తల్లి వచ్చినప్పుడు ఆ చీటీ నేనే చేతికిచ్చాను.

"పాలపళ్లే కదా మేడమ్, ఎలాగూ ఊడిపోతాయి. ఇప్పుడు వాటికి డబ్బు పొయ్యడం దేనికి?" అంది ఆవిడ.

ఆ ఒక్క జవాబులో రెండు పొరపాట్లున్నాయి. ముందున్న గుంట పన్ను నిజంగా పాలపన్నే. కానీ అది రెండో పాల దవడ పన్ను. రెండు, రెండున్నరేళ్ల వయసులో వచ్చి, పదకొండు పన్నెండేళ్ల దాకా నోట్లో ఉంటుంది. అంటే ఆ పిల్ల ఇంకో మూడేళ్లు దానితోనే నమలాలి. ఆరో ఏట ముందరి పళ్లు ఊడటం చూసి మనం పాలపళ్లన్నీ ఒకేసారి సెలవు తీసుకుంటాయనుకుంటాం. దవడ పళ్లు మాత్రం బడి చదువు సగం అయ్యేదాకా ఉంటాయి.

వెనకున్న గీత పన్ను అసలు పాలపన్నే కాదు. ఆరో ఏట, చివరి పాలపన్నుకు వెనకగా, ఏ పన్నూ ఊడకుండా, ఏ సందడీ లేకుండా ఒక శాశ్వత దవడ పన్ను వస్తుంది. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు. ఊడిన పన్నును పెంకుటింటి కప్పు మీదికి విసిరి, కొత్త పన్ను కోసం రోజూ అద్దంలో చూసుకునే పిల్లకు కూడా ఈ పన్ను వచ్చిన సంగతి తెలియదు. తల్లిదండ్రులకు అసలే తెలియదు. దాని పైభాగమంతా లోతైన గాడులు. అన్నం మెతుకు, బిస్కట్టు పొడి వాటిలో కూరుకుపోతాయి. పూర్తిగా పైకి వచ్చేలోపు బ్రష్షు దాని ఎత్తుకు తగలదు. అందుకే పిల్లల శాశ్వత పళ్లలో అన్నిటికన్నా ముందు పుచ్చేది ఇదే. డెబ్బై ఏళ్లు నిలవాల్సిన పన్నును పాలపన్ను ఖాతాలో వేసి వదిలేస్తున్నాం. ఈ ఒక్క సంగతి ఇంటింటికీ చేరితే చాలు, మిగతా ఉపన్యాసాలన్నీ మానుకోవచ్చు. దాని గాడులను పుచ్చకముందే పూతలా మూసేసే చిన్న చికిత్స ఉంది. సీలెంటు అంటారు. నొప్పి ఉండదు, సూది ఉండదు.

పాలపన్ను సంగతికి మళ్లీ వస్తాను. దాని పైపొర, అంటే ఎనామెల్, శాశ్వత పన్ను పొరకన్నా పలుచన. లోపలి నరం ఉండే గది మాత్రం పన్ను పరిమాణంతో పోలిస్తే పెద్దది. అందుకే పెద్దవాళ్ల పంట్లో నెమ్మదిగా సాగే పుచ్చు పిల్లల పంట్లో త్వరగా నరం దాకా దిగుతుంది. పాలపన్ను వేర్ల దగ్గరే, దవడ ఎముకలో, రాబోయే పన్ను తయారవుతూ ఉంటుంది. పైన చీము పట్టి చాలాకాలం ఉంటే, కింద తయారవుతున్న పన్ను ఎనామెల్ దెబ్బతిని, మచ్చతోనో గుంటతోనో బయటికి రావచ్చు. ఊడాల్సిన సమయానికి ముందే దవడ పాలపన్ను పీకేయిస్తే ఆ ఖాళీలోకి వెనక పన్ను జరుగుతుంది. కింది పన్నుకు దారి మూసుకుపోతుంది. అది వంకరగా వస్తుంది. అప్పుడు మొదలవుతుంది క్లిప్పుల హడావుడి. "రేపు పెళ్లి చెయ్యాల్సిన పిల్ల, పళ్లు ఇలా ఉంటే ఎలా?" అని పదమూడో ఏట వేలకు వేలు తెచ్చి పోస్తారు. ఎనిమిదో ఏట వందల్లో అయ్యే సిమెంటు పూడికకు మాత్రం చేతులు రావు. నొప్పికి కదలని మనసు అందానికి కదులుతుంది. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం, దాచను.

పుచ్చు మొదలయ్యేది నల్లగా కాదు, తెల్లగా. పై పెదవి ఎత్తి చూస్తే ముందు పళ్లు చిగురును తాకే చోట సుద్దముక్కతో గీసినట్టు మసక తెలుపు గీత కనిపిస్తుంది. చుట్టూ ఉన్న పన్ను మెరుస్తుంది, ఆ గీత మెరవదు. ఆ దశలో పన్నుకు ఇంకా గుంట పడలేదు. పంటి పైపొరను గట్టిపరిచే ఫ్లోరైడు ఉన్న పేస్టు, డాక్టరు వేసే ఫ్లోరైడు పూత, తీపి విషయంలో జాగ్రత్త, ఈ మూడింటితో దాన్ని అక్కడే ఆపవచ్చు, వెనక్కి మళ్లించవచ్చు. గోధుమరంగుకు తిరిగాక మళ్లించడం కష్టం. పసిపిల్లల్లో పై ముందు పళ్లే ఎందుకు ముందు పాడవుతాయంటే, కింది ముందు పళ్లను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం వాటిని కడుగుతూ ఉంటుంది. పై పళ్లకు ఆ రక్షణ లేదు. పంచదార వేసిన పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డకు రాత్రంతా ఆ పాలు పై పళ్ల చుట్టూ నిలుస్తాయి. నిద్రలో లాలాజలం ఊరడం కూడా తగ్గుతుంది. సీసా మానిపించడం ఎంత కష్టమో తెలుసు. ఇరుగుపొరుగుల నిద్ర చెడుతుందన్న భయంతో సీసా నోట్లో పెట్టే అద్దె ఇళ్ల తల్లులను నేను చూశాను. అలాంటివాళ్లు మొదట పంచదార తగ్గించి, తర్వాత పాలను పలుచన చేసుకుంటూ వచ్చి, చివరికి సీసాలో మంచినీళ్లకు దిగవచ్చు. కొన్ని రోజులు రాగాలు తప్పవు.

పళ్లకు సంబంధం లేనట్టు కనిపించే ఫిర్యాదు ఒకటి తల్లుల దగ్గర తరచూ వింటాను: "ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట కూర్చుంటాడు మేడమ్, మింగడు." అప్పుడు ఫోను ఇస్తారు. ఫోను చూస్తూ ఇంకో అరగంట కూర్చుంటాడు. ఆ ముద్ద అన్నమే కావచ్చు, కానీ అంతసేపు బుగ్గలో నానితే అన్నం కూడా చక్కెరగా మారుతుంది, నోట్లోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. అంతకన్నా ముఖ్యం, పిల్లాడు ఎందుకు నమలడం లేదో ఎవరూ చూడరు. దవడ పన్ను సలుపుతుంటే ఏ పిల్లాడైనా బుగ్గనే పెట్టుకుంటాడు. నాలుగేళ్లవాడికి "నాకు కింది దవడలో కుడి పక్క నొప్పి" అని చెప్పడం చేతకాదు. వాడికి తెలిసిన భాష అన్నం వద్దనడమే. దానికి మనం పెట్టే పేరు మొండితనం.

తీపి గురించి చెప్పేవాళ్లు చాక్లెట్‌ను విలన్ చేసి మిగతావాటిని వదిలేస్తారు. తిన్న ప్రతిసారీ పంటి మీద ఆమ్లం పెరిగి, మళ్లీ మామూలు స్థితికి రావడానికి సుమారు అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి ఎంత తిన్నారన్నదానికన్నా రోజులో ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. భోజనం అయ్యాక ఒక లడ్డు మొత్తం తినేసి నోరు పుక్కిలించిన పిల్లాడికన్నా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కో బిస్కట్టు కొరుకుతూ తిరిగే పిల్లాడి పళ్లకు ముప్పు ఎక్కువ. బిస్కట్టు ఉప్పగా ఉన్నా అంతే, మైదా ముద్ద దవడ పళ్ల గాడుల్లో అతుక్కుని ఉండిపోతుంది. బెల్లం ఆరోగ్యానికి మంచిదని చెప్పుకుంటాం. రక్తం సంగతేమో గాని, పంటి దగ్గర బెల్లానికి, పంచదారకు తేడా లేదు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు చిక్కీ ఇస్తున్నారు. పల్లీలు ఒంటికి మంచివే, పిల్లలకు ఇష్టమే, దాన్ని ఆపమని నేను అనను. చిక్కీ తిన్న వెంటనే అందరినీ కుళాయి దగ్గరికి తోలి నోరు పుక్కిలింపజేయడం మాలాంటి టీచర్ల పని.

ఫ్లోరైడు పేరు ఎత్తితే కొందరు ఉలిక్కిపడతారు. నల్గొండ మాట గుర్తొస్తుంది. ఉలిక్కిపడటానికి కారణం ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే జబ్బును, 1937లో నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలో. ఇప్పటి ప్రకాశం వైపు ఊళ్లు, నల్గొండ వైపు మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు తరతరాలుగా ఆ నీళ్లు తాగి పళ్లు గారపట్టి, ఎముకలు వంకరపోయి బాధపడ్డాయి. కానీ ఆ జబ్బు బోరు నీళ్లలో కరిగిన ఫ్లోరైడును ఏళ్ల తరబడి కడుపులోకి తాగడం వల్ల వచ్చింది. పంటి మీది మచ్చలు పన్ను దవడలో తయారవుతున్నప్పుడు, సుమారు ఎనిమిదేళ్లలోపు, ఒంట్లోకి చేరిన ఫ్లోరైడు వల్ల పడతాయి. బ్రష్షు మీది పేస్టు పంటి పైపొరను గట్టిపరచి ఉమ్మితో పాటు బయటికి పోయేది. మింగకుండా చూడటమే పెద్దవాళ్ల బాధ్యత. అందుకే కొలత: మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠాణీ గింజంత. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా మెలికలు తిప్పి వేసే పేస్టంతా కంపెనీ లాభానికి. బొమ్మలున్న 'పిల్లల పేస్టు'ల్లో కొన్నిటిలో ఫ్లోరైడు ఉండనే ఉండదు, కొన్నిటిలో సగమే ఉంటుంది. పెట్టె మీద ఫ్లోరైడు 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) అని ఉందో లేదో చూసి కొనాలి. తాగే నీళ్లలోనే ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్లవాళ్లు ఒకసారి డాక్టరును అడిగి పేస్టు ఎంచుకోవడం మంచిది. తోమిన తర్వాత ఉమ్మేస్తే చాలు, చెంబెడు నీళ్లతో కడిగేయడం వల్ల పంటిమీద ఉండాల్సిన మందు కూడా కొట్టుకుపోతుంది.

పుచ్చు పంటిలో పురుగు ఉంటుందని, వాకుడు గింజల పొగ పడితే రాలి పడుతుందని నమ్మే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పురుగులు లేవు, రాలి పడేదీ లేదు. లవంగం పెడితే నొప్పి కాసేపు మొద్దుబారుతుంది, అది నిజం. మొద్దుబారిన నొప్పిని తగ్గిన జబ్బు అనుకోవడమే ప్రమాదం. కొన్నాళ్లకు నరం చచ్చిపోయి నొప్పి దానంతటదే పోతుంది కూడా. "చూశారా, తగ్గిపోయింది" అంటారు. ఆ తర్వాత చిగురు మీద చిన్న చీముపొక్కు లేస్తుంది. అదీ నొప్పి పెట్టదు కాబట్టి ఎవరూ చూడరు.

ఇంత చెప్పాక డాక్టరు దగ్గరికి వెళ్దామంటే పిల్లాడు గుమ్మం దగ్గరే గడప పట్టుకుని కూర్చుంటాడు. ఎందుకు కూర్చోడు? "అల్లరి చేశావో, పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి పన్ను పీకించేస్తా" అని రెండేళ్ల వయసు నుంచి బెదిరిస్తూ వచ్చాం. మొదటిసారి వెళ్లేది వాపుతోనే కాబట్టి, వెళ్లగానే సూది, పీకడం, రక్తం. బెదిరింపు నిజమే అని వాడికి రుజువైపోతుంది. మొదటి పుట్టినరోజులోగా ఒకసారి చూపించమని వైద్యులు అనేది ఇందుకే. అప్పుడు చేయడానికి ఏమీ ఉండదు, కుర్చీ ఎక్కి దిగడమే. నొప్పి లేని రోజున డాక్టరును చూసిన పిల్లకు నొప్పి వచ్చిన రోజున భయం తక్కువ.

డబ్బు సంగతి వదిలేసి మాట్లాడటం తేలిక, అందుకే వదలను. ఆ మూడో తరగతి పిల్ల తల్లి మిరప కోతకు వెళ్లే మనిషి. చీటీ పట్టుకుని పట్నం వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు, మళ్లీ రమ్మంటే మళ్లీ అంతే. అలాంటి మనిషికి 'అవగాహన లేదు' అని ముద్ర వేయడం నాకు న్యాయంగా తోచదు. మండల స్థాయిలో పంటి డాక్టరు, కుర్చీ, మందులు రోజూ అందుబాటులో ఉండాలని అడగాల్సింది ప్రభుత్వాన్ని. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. వాటిలో పిల్లల విభాగం ఉంటుంది, ఖర్చు తక్కువ. దగ్గర్లో ఉన్నవాళ్లు వాడుకోవాలి. డ్రిల్లింగు లేకుండా పుచ్చును ఆపే వెండి ఫ్లోరైడు ద్రావణం కూడా వచ్చింది. దూదితో అద్దడమే, కాకపోతే అద్దిన చోట నల్లబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని, ఫ్లోరైడు పేస్టును అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పల్లెల్లో పెద్దగా యంత్రాలు లేకుండా వాడగలిగిన మందు ఇది. మన ఆరోగ్య కేంద్రాల్లో ఎక్కడెక్కడ దొరుకుతుందో ప్రజాప్రతినిధులను అడగడానికి పళ్లు పుచ్చేదాకా ఆగక్కర్లేదు.

అయితే నోరు తెరిపించి చూడటానికి కూలి పోదు, బస్సు ఎక్కక్కర్లేదు. ఇక్కడ పేదవాళ్లకు, ఉన్నవాళ్లకు తేడా లేదు. ఇంకా చెప్పాలంటే, ఫీజు లక్షల్లో కట్టే బడుల పిల్లల టిఫిన్ డబ్బాల్లోనే కేకులూ క్రీము బిస్కట్లూ ఎక్కువ. అక్కడి తల్లిదండ్రులకు పిల్లాడి లెక్కల మార్కు దశాంశాలతో సహా నోటికొస్తుంది. నోట్లో పళ్లు ఎన్ని ఉన్నాయో అడిగితే తెల్లమొహం వేస్తారు.

పేరెంట్స్ మీటింగుకు వచ్చే నాన్నలతో నాకు ప్రత్యేకంగా పేచీ ఉంది. చీటీ ఇస్తే మడిచి భార్య చేతికి ఇస్తారు. ఈ దేశంలో పిల్లల పళ్లు ఆడవాళ్ల శాఖ. పొద్దున టిఫిను, డబ్బాలు, జడలు, బస్సు, వీటి మధ్య ఇంకో మనిషి పళ్లు తోమమని తల్లులకు చెప్పడానికి నాకు నోరు రాదు. కానీ రెండు పూటల్లోనూ ముఖ్యమైనది రాత్రి పూట. ఆ వేళకు నాన్నలు ఇంట్లోనే ఉంటారు, చేతిలో ఫోను ఉంటుంది, దానికి టార్చి ఉంటుంది. పిల్లాడి తల ఒళ్లో పెట్టుకుని, వెనక నుంచి వంగి, పెదవి వేలితో పక్కకు జరిపి, చిగురు అంచుల నుంచి చివరి దవడ పన్ను వెనక దాకా తోమడానికి రెండు నిమిషాలు. ఆ తర్వాత నీళ్లు తప్ప ఏమీ నోట్లో వేయకూడదు, పాలు కూడా. వారానికి ఒకరోజు టార్చి వేసి తెల్ల గీతల కోసం, నల్ల చుక్కల కోసం వెతకాలి. ఎనిమిదేళ్లు నిండేదాకా ఈ పని నాన్నలకు అప్పగించి, అమ్మలను దీన్నుంచి పూర్తిగా తప్పించాలని నా వాదన. ఈసారి చీటీలు వస్తే నేను వాళ్ల చేతికే ఇస్తాను, ఇచ్చినట్టు సంతకం కూడా తీసుకుంటాను.